చేనేత చీరల వెబ్ యాప్‌లో ఫొటోలు: లేజీ లోడింగ్‌కి ఏ పద్ధతి ఎంచుకోవాలి?

చేనేత చీరలు అమ్మే వెబ్ యాప్ ఒకటి తయారు చేస్తున్నారనుకుందాం. పోచంపల్లి, గద్వాల, మంగళగిరి, వెంకటగిరి అని విభాగాలు. ఒక్కో విభాగంలో వంద దాకా చీరలు, ఒక్కో చీరకి కొంగు, అంచు, మడతపెట్టినది, కట్టుకున్నది అంటూ ఐదారు ఫొటోలు. చేత్తో తాకి చూసే వీలు లేదు కాబట్టి కొనేవాళ్లు జరీ మెరుపుని, నేత సన్నదనాన్ని ఫొటోలోనే తేల్చుకోవాలి. అంటే ఫొటో స్పష్టంగా ఉండి తీరాలి. ఇక్కత్‌తో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పోగు పోగుకీ రంగు మారే ఆ సన్నని గీతల్ని జేపెగ్ గానీ వెబ్‌పీ గానీ బాగా కుదించలేవు. అందుకే సాదా చీర ఫొటో కంటే, అదే కొలతలున్న ఇక్కత్ ఫొటో ఫైలు బరువుగా వస్తుంది.

ఇలాంటి పేజీకి లేజీ లోడింగ్, అంటే తెర దగ్గరికి వచ్చేదాకా ఫొటోని తేకుండా ఆపడం, కావాలన్న విషయంలో అనుమానం అక్కర్లేదు. పాఠకుడు చూడని అరవై ఫొటోల కోసం అతని డేటా ఖర్చు చేయకూడదు. ప్రశ్నల్లా ఏ పద్ధతిలో అన్నదే. బ్రౌజర్‌లోనే ఉన్న సదుపాయం వాడాలా, ఒక అంశం తెర దగ్గరికి వచ్చిందని చెప్పే ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్‌తో సొంతంగా రాసుకోవాలా, తయారుగా ఉన్న లైబ్రరీ తెచ్చుకోవాలా, ఫ్రేమ్‌వర్క్ ఇచ్చే ఇమేజ్ కాంపోనెంట్‌కి వదిలేయాలా? చాలామంది ఈ నాలుగింటినీ విడిగా పోల్చి, రెస్పాన్సివ్ ఇమేజ్‌ల పని, అంటే తెరకి తగిన సైజు ఫైలు ఇవ్వడం, తర్వాత చూద్దాంలే అనుకుంటారు. నేను అలా విడదీయొద్దంటాను. ఫొటోని ఎప్పుడు తెచ్చుకోవాలి అన్నదీ, ఎంత పెద్దది తెచ్చుకోవాలి అన్నదీ ఒకదానితో ఒకటి ముడిపడిన నిర్ణయాలు. ఆ ముడి అర్థమైతే ఎంపిక చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

ముందు, లేజీ చేయకూడనివి

పద్ధతి ఏదైనా సరే, తెర మీద మొదటే కనిపించే ఫొటోకి లేజీ పెట్టకూడదు. దీనికి కారణం బ్రౌజర్ పనిచేసే తీరులోనే ఉంది. హెచ్‌టీఎమ్‌ఎల్ వస్తుండగానే ప్రీలోడ్ స్కానర్ అనే భాగం ముందుకి పరిగెత్తి, ఏయే ఫైళ్లు కావాలో చూసి వెంటనే అడగడం మొదలుపెడుతుంది. మామూలు ఇమేజ్ దానికి దొరుకుతుంది. లేజీ అని గుర్తు పెట్టిన ఇమేజ్‌ని మాత్రం అది వదిలేస్తుంది, ఎందుకంటే ఆ ఇమేజ్ తెర మీద ఎక్కడ పడుతుందో సీఎస్ఎస్ వచ్చి, పేజీ అమరిక లెక్క పూర్తయితే గానీ తెలియదు. అంత ఆలస్యం పెద్ద ఫొటో మీద పడితే ఎల్‌సీపీ నేరుగా దెబ్బతింటుంది. ఎల్‌సీపీ అంటే పేజీలో అతిపెద్ద అంశం కనిపించడానికి పట్టే సమయం. నూటికి 75 సందర్శనల్లో అది 2.5 సెకన్లలోపు ఉంటేనే గూగుల్ బాగుందంటుంది.

వర్డ్‌ప్రెస్ అనుభవం దీనికి మంచి సాక్ష్యం. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ ఇమేజ్‌లకి తనంతట తానే లేజీ లోడింగ్ తగిలించడం మొదలుపెట్టింది. దానివల్ల పేజీ పైభాగంలోని ఫొటోలు ఆలస్యమవుతున్నాయని తేలాక, 2022 జనవరి నాటి 5.9లో మొదటి ఇమేజ్‌ని వదిలేసేలా మార్చారు. 2023లో 6.3 వచ్చేసరికి ఆ ముఖ్యమైన ఇమేజ్‌కి ఫెచ్‌ప్రయారిటీ (దీన్ని ముందు తెమ్మని బ్రౌజర్‌కి చెప్పే ఆట్రిబ్యూట్) విలువ హై అని కూడా చేర్చారు. కోట్ల పేజీల మీద నడిచే సాఫ్ట్‌వేర్‌కే మూడేళ్లు పట్టిన పాఠం ఇది, మీ యాప్‌లో మొదటి రోజునుంచే పాటించండి.

చీరల జాబితా పేజీలో ఒక చిక్కుంది. ఫోన్‌లో వరసకి రెండు కార్డులు, డెస్క్‌టాప్‌లో నాలుగు. సర్వర్‌కి తెర ఎంతుందో తెలియదు. మొదటి నాలుగు కార్డుల్ని మామూలుగా వదిలేసి, అయిదో దాన్నుంచి లేజీ పెడితే రెండు చోట్లా సరిపోతుంది. ఫోన్‌లో ఒకటి రెండు ఫొటోలు కాస్త ముందుగా వచ్చినా నష్టం లేదు. అయితే ఫెచ్‌ప్రయారిటీ హై మాత్రం నాలుగింటికీ పెట్టొద్దు. అన్నిటికీ తొందరే అంటే దేనికీ తొందర లేనట్టే అవుతుంది. దాన్ని చీర వివరాల పేజీలోని ఒక్క ప్రధాన ఫొటోకి వాడండి.

బ్రౌజర్‌లోనే ఉన్న లేజీ లోడింగ్

ఇమేజ్ ట్యాగ్‌లో లోడింగ్ అనే ఆట్రిబ్యూట్‌కి లేజీ అనే విలువ ఇస్తే చాలు. 2019లో క్రోమ్ 76తో మొదలైంది, 2020లో ఫైర్‌ఫాక్స్ 75, 2022లో సఫారీ 15.4 అందుకున్నాయి. ఈరోజు వాడుకలో ఉన్న బ్రౌజర్లలో దాదాపు అన్నిటికీ ఇది తెలుసు. తెలియని పాత బ్రౌజర్ ఆ మాటని పట్టించుకోకుండా ఫొటోని మామూలుగా తెచ్చేస్తుంది. నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చేది ఇదే: పని చేయకపోయినా ఫొటో కనిపిస్తుంది.

ఎంత దూరంలో ఉండగా తేవాలన్నది ప్రమాణంలో రాసిలేదు, బ్రౌజర్ నిర్ణయమే. 2020లో క్రోమ్ ఆ దూరాన్ని 4జీ మీద 1250 పిక్సెళ్లకి, 3జీ అంతకంటే నెమ్మదైన నెట్ మీద 2500 పిక్సెళ్లకి సవరించింది. 800 పిక్సెళ్ల ఎత్తున్న ఫోన్ తెర మీద 1250 అంటే ఇంచుమించు ఒకటిన్నర తెరల కింద దాకా ముందుగానే వచ్చేస్తాయన్నమాట. రెండు తెరల పొడవు మాత్రమే ఉన్న పేజీలో లేజీ పెట్టినా ఏమీ ఆదా కాకపోవడానికి కారణం ఇదే. అంత చిన్న పేజీలో అసలు పెట్టకపోవడమే మంచిది. కొందరికి ఈ దూరం మరీ ఎక్కువనిపిస్తుంది, దాన్ని మార్చుకోవడానికి వీల్లేదన్న ఒక్క కారణంతో లైబ్రరీ వైపు వెళ్తారు. నేనైతే వెళ్లను. రైల్లోనో బస్సులోనో సిగ్నల్ వచ్చీ పోయీ ఉన్నప్పుడు వేలితో జరిపేలోగా ఫొటో వచ్చి ఉండటమే మేలు. ఖాళీ పెట్టెలు చూస్తూ ఎవరూ చీర కొనరు.

కొన్ని జాగ్రత్తలున్నాయి. పిక్చర్ ట్యాగ్ వాడితే ఈ ఆట్రిబ్యూట్ లోపలి ఇమేజ్ ట్యాగ్‌కే ఇవ్వాలి, సోర్స్ ట్యాగ్‌లకి ఇస్తే ఏమీ జరగదు. స్క్రిప్టుతో ఇమేజ్ తయారు చేసేటప్పుడు ముందు లోడింగ్ విలువ పెట్టి, ఆ తర్వాతే చిరునామా ఇవ్వండి. వరస తిరగబడితే ఫొటో అప్పటికప్పుడే బయల్దేరే ప్రమాదం ఉంది, రియాక్ట్ పాత వెర్షన్లలో ప్రాప్స్ రాసే వరస కూడా ఇక్కడ లెక్కకొస్తుంది. ఇక వెడల్పు, ఎత్తు ఆట్రిబ్యూట్లు తప్పనిసరి. అవి ఉంటే బ్రౌజర్ నిష్పత్తి లెక్కగట్టి ముందే చోటు ఉంచుతుంది. లేకపోతే ఒక్కో ఫొటో వచ్చినప్పుడల్లా పేజీ కిందికి జారుతుంది, చదువుతున్న ధర వరస కళ్లముందే మాయమవుతుంది. సీఎస్ఎస్‌లో ఎత్తుకి ఆటో అని పెట్టడం మరిచిపోకండి.

సైజెస్ దగ్గరే అసలు ఆదా

లేజీ పెట్టాక చాలా ప్రాజెక్టులు ఆగిపోయేది ఇక్కడే. సోర్స్‌సెట్‌లో, అంటే ఒకే ఫొటో వేర్వేరు సైజుల ఫైళ్ల జాబితాలో, 320, 480, 640, 1080, 1600 పిక్సెళ్ల వెడల్పుల ఫైళ్లన్నీ పెడతారు, ఫొటో తెర మీద ఎంత వెడల్పు పడుతుందో చెప్పే సైజెస్ మాత్రం రాయరు. అది లేకపోతే బ్రౌజర్ ఫొటో తెర వెడల్పంతా ఉంటుందని అనుకుంటుంది. లెక్క చూడండి. 360 పిక్సెళ్ల వెడల్పు, మూడు రెట్ల పిక్సెల్ సాంద్రత ఉన్న ఫోన్‌లో కార్డు వెడల్పు 160. దానికి కావలసిన ఫైలు 480. సైజెస్ లేకపోతే బ్రౌజర్ లెక్క 360కి మూడు రెట్లు, అంటే 1080. వెడల్పు రెండింతల పైచిలుకు, మొత్తం పిక్సెళ్లు అయిదు రెట్లు. లేజీ లోడింగ్‌తో సగం ఫొటోలు ఆపగలిగినా, వచ్చిన ప్రతి ఫొటోలో అయిదు రెట్ల పిక్సెళ్లు మోస్తుంటే ఆదా ఏముంది? పెద్ద ఇక్కత్ ఫొటోని చిన్న పెట్టెలోకి కుదించినప్పుడు నేత గీతల మీద లేనిపోని అలలు కూడా కనిపిస్తాయి. చీరలో లేని డిజైన్‌ని కొనేవాళ్లకి చూపించినట్టవుతుంది. బట్టల వ్యాపారంలో ఇది చిన్న విషయం కాదు.

సైజెస్ చేత్తో రాయడం విసుగు పని, ఒప్పుకుంటాను. సీఎస్ఎస్‌లో కార్డు వెడల్పు మారినప్పుడల్లా ఇక్కడా మార్చాలి, ఎవరో ఒకరు మరిచిపోతారు. ఇక్కడే ముందు చెప్పిన ముడి పనికొస్తుంది. లేజీ ఇమేజ్‌ని తెచ్చే సమయానికి పేజీ అమరిక పూర్తయి ఉంటుంది, అంటే ఆ పెట్టె అసలు వెడల్పు బ్రౌజర్‌కి తెలుసు. మరి మనల్ని అడగడం దేనికి? ఆ ఆలోచనతోనే సైజెస్‌కి ఆటో అనే విలువ వచ్చింది. క్రోమ్‌లో ఇది 2024లో, 126వ వెర్షన్‌తో మొదలైంది. వర్డ్‌ప్రెస్ అదే ఏడాది నవంబరులో, 6.7లో, లేజీ ఇమేజ్‌లకి దీన్ని చేర్చింది. లేజీ ఉన్న ఇమేజ్‌కే ఇది పనిచేస్తుంది. మొదటి వరస ఫొటోలకి సైజెస్ మామూలుగా రాయాల్సిందే, వాటిని తెచ్చేటప్పటికి అమరిక లెక్క ఇంకా పూర్తికాదు కాబట్టి.

రాసే పద్ధతి సులువు: ముందు ఆటో, కామా, తర్వాత మామూలుగా రాసే విలువ, అంటే ఆటో, 45 వీడబ్ల్యూ (తెర వెడల్పులో 45 శాతం) అన్నట్టు. ఆటో తెలియని బ్రౌజర్ దాన్ని దాటేసి వెనకున్న విలువ తీసుకుంటుంది. ఒక్క హెచ్చరిక. ఇమేజ్ వెడల్పుని సీఎస్ఎస్ నిర్ణయించాలి. వెడల్పు ఫొటోని బట్టే తేలేలా వదిలేసిన చోట ఆటో పెడితే, బ్రౌజర్ ఆ పెట్టెని 300 పిక్సెళ్ల వెడల్పుగా అనుకుంటుంది, ఫొటో అనుకున్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. కార్డులో వెడల్పు నూరు శాతం అని ఉంటే ఈ సమస్య రాదు.

సొంత ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్

2019లో సఫారీ 12.1 కూడా చేర్చుకున్నాక ఇది అన్ని ప్రధాన బ్రౌజర్లలో దొరుకుతోంది. ఒక ఎలిమెంట్ తెర దగ్గరికి వచ్చిందని బ్రౌజర్ మనకి చెబుతుంది, అప్పుడు డేటా ఆట్రిబ్యూట్‌లో దాచిన చిరునామాని అసలు చోటికి మారుస్తాం. దూరం మన చేతిలోనే, ఏం చేయాలన్నదీ మన ఇష్టమే. కానీ మామూలు ఇమేజ్‌లకి దీన్ని వాడితే పోగొట్టుకునేది ఎక్కువ. స్క్రిప్టు వచ్చి నడిచేదాకా పేజీలో ఒక్క ఫొటో లేనట్టే. స్క్రిప్టు ఫైలు మధ్యలో ఆగిపోతే నోస్క్రిప్ట్ ట్యాగ్ కూడా కాపాడదు, అది స్క్రిప్టు ఆపేసి ఉన్న బ్రౌజర్లకి మాత్రమే.

మరి ఎక్కడ వాడాలి? సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్‌లకి లోడింగ్ ఆట్రిబ్యూట్ లేదు, పండగ ఆఫర్ల పట్టీలు అలా కట్టి ఉంటే ఇదే దారి. వీలైతే ఆ పట్టీని ఇమేజ్ ట్యాగ్‌గా మార్చి ఆబ్జెక్ట్ ఫిట్ వాడటం ఇంకా మంచిది, ఆల్ట్ రాయొచ్చు, సోర్స్‌సెట్ పెట్టొచ్చు. లోపల విడిగా స్క్రోల్ అయ్యే పెట్టెలు మరో చోటు. ఇక్కడ చాలామంది తికమక పడతారు. రూట్ మార్జిన్ అని ఇచ్చే దూరం రూట్‌కే, అంటే ఎలిమెంట్ దగ్గరికి వచ్చిందో లేదో దేనితో పోల్చి చూస్తారో ఆ పెట్టెకే, వర్తిస్తుంది. రూట్ ఇవ్వకపోతే అది మొత్తం తెర, దాంతో అడ్డంగా జరిగే వరసలో పక్కనున్న కార్డు ఎంత దగ్గరున్నా లెక్కలోకి రాదు. ఆ పెట్టెనే రూట్‌గా ఇవ్వండి. స్క్రోల్ మార్జిన్ అనే కొత్త సదుపాయం క్రోమ్ 120 నుంచి ఉన్నా, రూట్ ఇవ్వడమే అన్నిచోట్లా నడుస్తుంది.

లైబ్రరీలు

లేజీసైజెస్, వెనిల్లా లేజీలోడ్, లోజాడ్ వంటివి. వీటి మీద నాకు గౌరవం ఉంది. బ్రౌజర్లకి ఏ సదుపాయమూ లేని రోజుల్లో వీటితోనే పని నడిచింది, సైజెస్‌ని తనంతట తానే లెక్కగట్టడం లేజీసైజెస్ ఏళ్ల ముందే చేసి చూపించింది. కానీ కొత్తగా మొదలుపెట్టే యాప్‌లో ఇప్పుడు వీటికి కారణం వెతుక్కోవాలి. పైన సొంత స్క్రిప్టు గురించి చెప్పిన లోపాలన్నీ వీటికీ ఉన్నాయి. స్క్రోల్ ఈవెంట్ మీద ఆధారపడే పాత లైబ్రరీలకి ఇంకో నష్టం: గూగుల్ బాట్ మనిషిలా పేజీని కిందికి జరపదు, పొడవైన తెర పెట్టుకుని ఒకేసారి చూస్తుంది. స్క్రోల్ అయితే తప్ప రాని ఫొటోలు దానికి కనబడవు. చీరల ఫొటోలు గూగుల్ ఇమేజెస్‌లో కనిపించడం దుకాణానికి ముఖ్యం కదా.

ఇప్పటికే లైబ్రరీతో నడుస్తున్న యాప్ అయితే హడావుడిగా పీకేయనక్కర్లేదు. ముందు జాబితా పేజీ మొదటి వరసని దాని నుంచి బయటికి తీయండి, తేడా అక్కడే ఎక్కువ కనిపిస్తుంది. తర్వాత ఒక్కో కాంపోనెంట్‌నీ మార్చుకుంటూ, బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్‌ల వంటివి మిగిలితే అవి ఎన్నో చూసి నిర్ణయించుకోండి.

ఫ్రేమ్‌వర్క్ కాంపోనెంట్లు

నెక్స్ట్ జేఎస్‌లో 2020 నాటి పదో వెర్షన్ నుంచి ఇమేజ్ కాంపోనెంట్ ఉంది, యాంగ్యులర్‌లో ఎన్‌జీ ఆప్టిమైజ్డ్ ఇమేజ్ 2022లో 15వ వెర్షన్‌తో స్థిరపడింది. రెండూ అడుగున వాడేది బ్రౌజర్ లేజీ లోడింగ్‌నే. అదనంగా వేర్వేరు సైజుల చిరునామాలు తయారు చేస్తాయి, వెడల్పు ఎత్తు ఇవ్వమని పట్టుబడతాయి. పెద్ద ఫొటోకి ప్రాధాన్యం ఇవ్వడం మరిచిపోతే యాంగ్యులర్ డెవలప్‌మెంట్‌లోనే హెచ్చరిస్తుంది. జట్టులో కొత్తవాళ్లు ఎక్కువున్నప్పుడు ఈ పట్టుదల ఎంతో మేలు చేస్తుంది.

అయినా సైజెస్ బాధ్యత మాత్రం మీదే. నెక్స్ట్‌లో సైజెస్ ఇవ్వకపోతే ఒకింత, రెండింతల సాంద్రతలకి రెండే ఫైళ్లు వస్తాయి. ఇస్తే పూర్తి సోర్స్‌సెట్ వస్తుంది. ఫొటోతో పెట్టెనంతా నింపే ఫిల్ వాడి సైజెస్ వదిలేస్తే, పైన లెక్కగట్టిన అయిదు రెట్ల వృథా మళ్లీ మొదటికొస్తుంది. కాంపోనెంట్ పేరు చూసి నిశ్చింతగా ఉండకూడదంటున్నది అందుకే. ఇంకో మాట, ఫొటోల సైజు మార్చే పని ఎక్కడ జరుగుతుందో, దానికి డబ్బెవరు కడతారో ముందే చూసుకోండి. హోస్టింగ్ సంస్థ ఆ పని చేసిపెడితే బిల్లులో అది విడిగా రావచ్చు. చీరల ఫొటోలు ఒకసారి ఎక్కిస్తే మారవు. కాబట్టి ఎక్కించేటప్పుడే అయిదు సైజులూ తయారు చేసి స్టోరేజ్‌లో పెట్టుకోవడం చిన్న దుకాణానికి చవక. రియాక్ట్, వ్యూ ఒట్టిగా వాడేవాళ్లు ఈ కాంపోనెంట్ల కోసం ఫ్రేమ్‌వర్క్ మారనక్కర్లేదు, పాతిక ముప్ఫై వరసల్లో సొంత కాంపోనెంట్ రాసుకోవచ్చు.

ఫొటో వచ్చేలోపు మసక బొమ్మ చూపించడం గురించి కొద్దిగా. బ్లర్‌హాష్, థంబ్‌హాష్ అందంగానే ఉంటాయి, కానీ ఇక్కత్ డిజైన్ మసకలో రంగుల మరకలా తప్ప మరోలా కనిపించదు. చీర ప్రధాన రంగుని పెట్టె వెనక నింపితే చాలు, స్క్రిప్టు అవసరం లేదు. మసక బొమ్మతో ఎల్‌సీపీ బాగుపడుతుందని ఆశపడొద్దు. వివరం మరీ తక్కువున్న బొమ్మల్ని క్రోమ్ 112 నుంచి ఆ లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఈ యాప్‌కి నేనైతే ఇలా చేస్తాను

జాబితా పేజీలో మొదటి నాలుగు ఫొటోలు మామూలుగా, చేత్తో రాసిన సైజెస్‌తో. మిగతావన్నీ బ్రౌజర్ లేజీ, సైజెస్‌లో ముందు ఆటో.

వివరాల పేజీలో ప్రధాన ఫొటోకి ఫెచ్‌ప్రయారిటీ హై. పక్కకి జరిపే గ్యాలరీలో మిగతా ఫొటోలకి లేజీ పెట్టి, ఒక చిన్న స్క్రిప్టు చేరుస్తాను: ఒక ఫొటో తెర మీదికి రాగానే దాని పక్క ఫొటో లోడింగ్ విలువని ఈగర్‌గా మార్చడం. విలువ మారగానే బ్రౌజర్ దాన్ని తెచ్చేసుకుంటుంది, వేలు జరిపేసరికి ఫొటో సిద్ధం. చిరునామాలు దాచే పని లేదు, స్క్రిప్టు ఆగిపోయినా గ్యాలరీ నడుస్తుంది. జరీ దగ్గరగా చూసే 1600 పిక్సెళ్ల ఫైలు మాత్రం జూమ్ నొక్కాకే, అది లేజీ లోడింగ్ పని కాదు. నేత చూపించే యూట్యూబ్ వీడియో ఐఫ్రేమ్ ఉంటే దానికీ లోడింగ్ లేజీ పెట్టొచ్చు, సఫారీ 16.4, ఫైర్‌ఫాక్స్ 121 నుంచి అవీ దీన్ని పాటిస్తున్నాయి. నిజానికి ఒక ఐఫ్రేమ్ ఆపితే మిగిలే డేటా చాలా ఫొటోల ఆదా కంటే ఎక్కువుంటుంది.

పెట్టాక సరిచూడటం మానకండి. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ప్యానెల్ తెరిచి, ఇమేజ్‌లు మాత్రమే కనిపించేలా పెట్టి, నెట్ వేగాన్ని 3జీకి తగ్గించి పేజీ మళ్లీ తెరవండి. ప్రయారిటీ వరసలో ప్రధాన ఫొటో హై అని ఉండాలి, అది జాబితాలో పైపైనే రావాలి. తర్వాత ఏదైనా కార్డు ఫొటో మీద ఇన్‌స్పెక్ట్ నొక్కి, ఏ ఫైలు ఎంచుకుందో కరెంట్ సోర్స్ విలువలో చూడండి. 480 రావాల్సిన చోట 1080 కనిపిస్తే సైజెస్ తప్పుందన్నమాట. ఫోన్ తెరలా చూపించే మోడ్‌లో డెస్క్‌టాప్ మీద చూసింది చాలదు, మూడు రెట్ల సాంద్రత ఉన్న మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి కూడా ఇదే పరీక్ష చేయండి. క్రోమ్‌లో స్క్రిప్టు ఆపేస్తే లేజీ లోడింగ్ కూడా ఆగిపోయి ఫొటోలన్నీ ఒకేసారి వస్తాయి. పేజీని ఎంతసేపు జరిపారో సర్వర్లు కనిపెట్టకుండా కావాలనే అలా పెట్టారు, కాబట్టి స్క్రిప్టు ఆపి పరీక్షిస్తూ ఫొటోలన్నీ వచ్చాయని కంగారు పడకండి.